మూడో దేశం: గేటు ముందు గోర్గోర్

శరణార్థుల క్యాంపు గేటు ముందు, సరిగ్గా మనిషి అడుగు పడే చోట, తెల్లారేసరికి గోర్గోర్ కాడ నాటి ఉంది.

దాన్ని ముందుగా చూసింది చేపలమ్మే ఈసాలీ. నెత్తిన బేసిన్‌తో వచ్చి, అడుగు ఎత్తి, ఎత్తిన కాలు గాల్లోనే ఉంచి, "ఓరి దేవుడో!" అని అరిచింది. ఆ అరుపు లోరెంగౌ బజారు దాకా వినపడిందని తర్వాత బజారు వాళ్ళు చెప్పారు. బజారు వాళ్ళ మాటలు పూర్తిగా నమ్మలేం కానీ, కాసేపటికి బజారు మొత్తం గేటు ముందున్న మాట మాత్రం నిజం.

మా మానుస్ ద్వీపంలో పుట్టినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. గోర్గోర్ అంటే అల్లం జాతి మొక్క. నిలువెత్తు కాడ, వెడల్పాటి ఆకులు. అడవిలో ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎవరైనా కోసుకొచ్చి దారిలో పాతారంటే మాత్రం, 'నాకు అన్యాయం జరిగింది, నా మాట వినేదాకా ఇటు ఎవరూ దాటకూడదు' అని అర్థం. నాటినవాడే దాన్ని పీకాలి. ఇంకెవరైనా పీకినా, దాటినా వాళ్ళ వంశమంతా తలదించుకోవాలి. పందుల్ని కోసి విందు పెట్టాలి. పెట్టాక కూడా ఏ జబ్బు వస్తుందోనని ఏడాది పాటు వణుకుతూ బతకాలి. మంత్రిగారి కారైనా ఆ కాడ ముందు ఆగాల్సిందే.

ఇక, పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో ఒకసారి తలుచుకుందాం. దక్షిణాన ఉన్న పెద్ద దేశానికి పడవలో పోబోయి సముద్రం మీద పట్టుబడ్డ పదకొండు మంది మగవాళ్ళు ఆరేళ్ళుగా మా ద్వీపంలో కంచె లోపల ఉన్నారు. ఈ మధ్యే పగటిపూట ఊళ్ళో తిరగనిస్తున్నారు. చీకటి పడేసరికి మళ్ళీ లోపలికి. వాళ్ళని ఎవరు తీసుకోవాలని ఆరేళ్ళు రాయబారాలు నడిచాయి. మీ బాధ్యతంటే మీ బాధ్యతని రాజధానుల మధ్య మర్యాదగా తిట్టుకున్నారు. చివరికి ఎక్కడో ఒక చలి దేశం ముందుకొచ్చింది. ఒంటరి మగవాళ్ళయితే పదకొండు మందినీ తీసుకుంటానంది. ఆ దేశం తరఫున హాల్వర్సన్ అనే ఆవిడ వచ్చి, నిన్న పదిమందితో చివరి ఇంటర్వ్యూ పూర్తి చేసింది. మిగిలింది ఒక్కడు, అఫ్ఘనిస్తాన్ కొండల్లోంచి వచ్చిన హజారా తెగ కుర్రాడు నౌరోజ్‌అలీ. అతని వంతు ఈ ఉదయం. రెండు గంటల విమానానికి హాల్వర్సన్ వెళ్ళిపోవాలి. ఆదివారం వాళ్ళ దేశంలో ఎన్నికలు. కొత్త ప్రభుత్వం వస్తే ఈ మాట నిలబడుతుందో లేదో ఆ దేవుడికే తెలియాలి. అంటే మధ్యాహ్నం లోపు నౌరోజ్‌అలీ ఆ గదిలో కూర్చుని జవాబులు చెప్పకపోతే అతని బతుకు మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ చలి దేశం పేరు ఏమిటంటారా? ఒప్పందం పూర్తయ్యేదాకా పైకి అనకూడదని పెద్దల మధ్య మాట. హాల్వర్సన్ సంచీ మీద ఆ దేశపు జెండా ఇంత పెద్దది కుట్టి ఉంది. అయినా మా వాళ్ళు ఎవరూ ఆ పేరు పలకరు. ఇందులో మాకు కష్టమేమీ లేదు. అత్తగారి పేరు పలకకుండా చచ్చేదాకా బతికే మగాళ్ళం, ఒక దేశం పేరు మింగలేమా? అందరూ 'మూడో దేశం' అంటారు. పుట్టిన దేశం ఒకటి, పట్టుకున్న దేశం రెండు, తీసుకునే దేశం మూడు. మరి మాది ఎన్నో దేశం అని అడిగితే లెక్క తప్పుతుంది. అందుకే ఎవరూ అడగరు.

పోలీసు సార్జెంట్ కీలెపాక్ జీపు వచ్చేసరికి గేటుకు ఇవతల ఊరు, అవతల క్యాంపు, మధ్యలో ఒక్క కాడ. చుట్టూ అప్పుడే తిరునాళ్ళ వాతావరణం. వక్కలవాళ్ళు గోనెలు పరిచేశారు. లోపలికి వెళ్ళలేని వంటవాళ్ళు రోడ్డు పక్కనే పొయ్యి పెట్టి, క్యాంపు కోసం తెచ్చిన పిండితో ఉండలు వేయించి, పాడైపోతాయని వాళ్ళే తింటున్నారు.

కీలెపాక్ జీపు దిగుతూనే టోపీ ముఖం మీదికి లాక్కుని కొబ్బరికాయల గుట్ట వెనక్కి దూరాడు. కత్తులు దూసుకున్న గొడవల్లోకి ఒంటరిగా నడిచి వెళ్ళిన మనిషి. కానీ గుంపులో వాళ్ళ అత్తగారు కనపడింది.

"వెళ్ళిపోయిందిలే, రా బయటికి మరిదీ," అంది ఈసాలీ, చేపల మీద ఈగలు తోలుకుంటూ. "నడుముకి తుపాకీ కట్టుకున్నవాడివి. ముసలమ్మకి భయపడి కొబ్బరికాయల్లో దాక్కుంటావా?"

"భయం కాదు వదినా, మర్యాద."

"మర్యాదకి చెమటలు పట్టవు."

"నీకూ అల్లుడొస్తాడుగా. నువ్వు కనపడితే వాడు ఏ చెట్టెక్కుతాడో అప్పుడు చూస్తా."

"నాకు అల్లుడా? ఆ ముచ్చట ఈ జన్మకి లేదు. మా ఓడిలియాకి ఒక్కడూ నచ్చి చావడు. పోయినేడాది ఆ పడవల యజమాని కొడుకు వచ్చాడా? వాడి చెవులు బాగాలేవంది. చెవులతో కాపురం చేస్తారా ఎవరైనా?"

ఓడిలియా ఈసాలీ ఒక్కగానొక్క కూతురు. క్యాంపు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీకి వెళ్ళింది కాబట్టి, ఇప్పుడు ఆమె కూడా కాడకి అవతలే.

కీలెపాక్ గేటు వైపు నడిచి, కాడకి రెండు బారల దూరంలో ఆగాడు. మామూలుగా నేరం జరిగిన చోట జనాన్ని ఆపడానికి తాడు కట్టాలి, లాఠీ ఆడించాలి. ఇక్కడ ఆ శ్రమ లేదు. ఇంత గుంపూ ఎవరో గీత గీసినట్టు దూరంగా నిలబడి ఉంది. గేటు ముందు తడి బురద నున్నగా, ముట్టుకోని అన్నంలా ఉంది. దాని మీద ఒకే ఒక్క జత పాదాల గుర్తులున్నాయి. అవి ఈసాలీవి. అవి కూడా కాడకి చాలా ఇవతలే ఆగిపోయాయి.

"బావా!" గేటు చువ్వల్లోంచి ఒక గుండ్రటి ముఖం కనపడింది. రాత్రి గేటు కాపలాదారు పోమట్. ఈసాలీ తమ్ముడు, కీలెపాక్‌కి వరసకు బావ. "బావా, త్వరగా ఏదో ఒకటి చెయ్యి. రాత్రి డ్యూటీ వాళ్ళం అందరం లోపలే ఉండిపోయాం. టిఫిన్ లేదు."

"ఎవడు నాటాడో చెప్పు. వాడే పీకుతాడు, నువ్వు తింటావు."

"నేను చూళ్ళేదు."

"గేటు కాపలా నువ్వేగా?"

"నేనే. కానీ వాన పడింది."

"వానకీ చూపుకీ సంబంధమేంటి?"

"వాన శబ్దం వింటే నాకు కళ్ళు మూతలు పడతాయి బావా. చిన్నప్పట్నుంచీ అంతే. కావాలంటే అక్కని అడుగు."

"నిజమే," అంది ఈసాలీ వెనక నుంచి. "ఎండ కాసినా అంతే."

గుంపు నవ్వింది. పోమట్ చువ్వలు పట్టుకుని దీనంగా చూశాడు. "నవ్వండి, నవ్వండి. ఎప్పుడు వదుల్తారో తెలీదు, ఏం తప్పు చేశామో తెలీదు, అడిగితే ఎవరూ చెప్పరు. మనుషుల్ని ఇలా ఉంచుతారా ఎక్కడైనా?"

అతని వెనక అరుగు మీద కూర్చున్న పదిమంది శరణార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన లేచి వచ్చి పోమట్ భుజం తట్టి, "అలవాటైపోతుంది," అన్నాడు.

అప్పుడొచ్చింది బ్రాడ్లీ గారి తెల్ల కారు. క్యాంపు నడిపే కాంట్రాక్టు కంపెనీ మేనేజరు. పెద్ద దేశం మనిషి. వస్తూనే కాడని చూసి, చేతి గడియారం చూసి, "ఇదేంటి? తీసెయ్యండి," అన్నాడు. ఎవరూ కదల్లేదు. "సరే, నేనే తీస్తా," అని చొక్కా చేతులు మడిచాడు.

"తీయండి సార్," అన్నాడు కీలెపాక్ వినయంగా. "తీశాక మీ వంటవాళ్ళూ, డ్రైవర్లూ, కాపలావాళ్ళూ ఒక్కడు కూడా మళ్ళీ పనిలోకి రాడు. మీరే వండాలి, మీరే వడ్డించాలి, మీరే కాపలా కాయాలి. రాత్రి వాన పడితే మీరే నిద్రపోవాలి."

బ్రాడ్లీ చేతులు మళ్ళీ దించుకున్నాడు. "వేరే దారి లేదా?"

"ఇంకో గేటు పెట్టించి ఉంటే ఉండేది."

బ్రాడ్లీ గొంతు సవరించుకున్నాడు. ఒకే గేటు ఉండటం తన కంపెనీ గొప్పతనమని పోయిన నెలే ఆయన పత్రికల వాళ్ళకి చెప్పాడు. ఎవరూ తప్పించుకోలేరని.

"కంచె కత్తిరిద్దాం," అన్నాడు కాసేపు ఆలోచించి.

"కత్తిరించండి సార్."

"కానీ కంచె మా ప్రభుత్వం ఆస్తి. పై నుంచి అనుమతి రావాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"త్వరగా అయితే... వచ్చే నెల."

ఈ మాటల్లో ఉండగానే మూడో దేశం వచ్చింది. అంటే హాల్వర్సన్. పొడుగాటి మనిషి, ఎండకి ఎర్రగా కమిలిన ముఖం, జెండా ఉన్న సంచీ. కీలెపాక్ సంగతంతా వివరించాడు. ఆమె శ్రద్ధగా విని, కాడ ముందు చిన్నగా తల వంచి నమస్కరించింది. గుంపులో ఒక మెచ్చుకోలు గొణుగుడు పుట్టింది. బ్రాడ్లీ పళ్ళు కొరుక్కున్నాడు.

"స్థానికుల ఆచారాన్ని నేను ఉల్లంఘించను," అంది హాల్వర్సన్. "నాకు వచ్చిన ఆదేశాల్లో అది మొదటిది."

"అయితే ఆ అబ్బాయిని గేటు దగ్గరికి పిలుస్తాం మేడమ్. చువ్వల్లోంచే మాట్లాడెయ్యండి."

"కుదరదు. మూసిన గదిలో, ఆంతరంగికంగా జరగాలి. అది రెండో ఆదేశం."

కీలెపాక్ వెనక్కి తిరిగి గుంపుని చూశాడు. ఒక ముసలాయన చెయ్యెత్తి, "మేమంతా కళ్ళు మూసుకుంటాం," అన్నాడు. పక్కావిడ మోచేత్తో పొడిచి, "చెవులు మూసుకోవాలి, కళ్ళు కాదు," అంది. "చెవులు మూసుకుంటే ఏం లాభం, ఏం వినపడదుగా," అన్నాడు ముసలాయన.

ఎవరో హాల్వర్సన్‌కి కుర్చీ వేశారు. ఇంకెవరో వక్క, సున్నం, తమలపు కాయ చేతిలో పెట్టారు. ఆచారాన్ని గౌరవించాలి కాబట్టి ఆమె నోట్లో వేసుకుంది. కాసేపటికి కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, "ఈ నేల మామూలుగానే ఇలా తిరుగుతుందా?" అని అడిగింది.

ఎండ ఎక్కుతోంది. విమానాశ్రయం వంతెన అవతల. గుంతల దారి, జీపుకైనా చాలాసేపు పడుతుందని అందరికీ తెలుసు. కీలెపాక్ పని మొదలుపెట్టాడు.

"వినండి! బయట నుంచి ఎవరూ ఇక్కడికి రాలేదు. బురద మీద అడుగుల్లేవు. ఈ కాడ లోపలి నుంచి నాటారు, చువ్వల్లోంచి చెయ్యి చాపి."

గుంపు 'ఓహ్' అంది. ఊరివాడి పని కాదని తేలగానే అందరి ముఖాల్లో ఒక ధైర్యం, ఆపైన రెట్టింపు ఆసక్తి.

"బావా, బోర్లా పడుకో. చెయ్యి బయటికి పెట్టు."

"నేనా? ఎందుకు?"

"అందుతుందో లేదో చూద్దాం. కాడని ముట్టుకోకు."

పోమట్ మూలుగుతూ పడుకుని చెయ్యి చాపాడు. చెయ్యి భుజం దాకా వచ్చింది. తర్వాత పొట్ట అడ్డం పడింది. ఇంకా జానెడు దూరం మిగిలింది. మిగతా కాపలావాళ్ళనీ ఒక్కొక్కరినే పడుకోబెట్టారు. ఒక్కరి చెయ్యీ అందలేదు. ఆరేళ్ళ క్యాంపు తిండి మహిమ అది. ఆ తిండి పెట్టించుకున్నవాళ్ళు చిక్కిపోయారు, కాపలా కాసినవాళ్ళు ఒళ్ళు చేశారు.

"అంటే చిక్కినవాడు," అన్నాడు కీలెపాక్. "శరణార్థి."

"పిచ్చి మాటలు మాట్లాడకు," అంది ఈసాలీ. "ఆ పదిమందికీ సీటు ఖాయమైపోయింది. గేటు మూసుకుంటే వాళ్ళకేంటి లాభం? నష్టపోయేది ఒక్క నౌరోజ్. వాడి కాళ్ళకి వాడే ఉచ్చు వేసుకుంటాడా?"

కీలెపాక్ బుర్ర గోక్కున్నాడు. వదిన మాటలో న్యాయముంది.

"అదీగాక," ఈసాలీ గొంతు పెంచింది, "నాటినవాడు పక్కన నిలబడాలి. నిలబడి నాకు ఇదీ కష్టం అని అరవాలి. నేనైతే నాటి, పక్కన కూర్చుని, ద్వీపం అవతలి ఒడ్డుకి వినపడేలా తిట్టేదాన్ని. గోర్గోర్ నాటి దాక్కున్నవాణ్ణి పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు. ఇది పద్ధతి తెలిసీ తెలియని వెధవ పని."

"నీకు ఎవరి మీద అనుమానం?"

"అనుమానం సంగతి తర్వాత. నాకు బాధగా ఉంది మరిదీ." చేపల కత్తి బేసిన్ అంచుకి రాస్తూ ఆమె గొంతు తగ్గించింది. "ఆ నౌరోజ్ లేడూ? ఆరేళ్ళుగా నా చేపలు తిన్నాడు. వచ్చిన కొత్తలో ఎముకల గూడులా ఉంటే, పొగబెట్టిన చేపా సగ్గుపిండి రొట్టే పెట్టి మనిషిని చేశాను. ఈసాలీ అమ్మా, ఈసాలీ అమ్మా అని రోజుకి ముప్పైసార్లు అరిచేవాడు. మూడో దేశం మాట వచ్చాక ఏమైందో! నాలుగైదు నెలల్నుంచీ పేరు పెట్టి పిలవడు. ఎదురైతే దారి దిగి పొదల్లోకి పోతాడు. చేప ఇస్తే ముఖం తిప్పుకుని చెయ్యి చాపుతాడు. విమానం ఇంకా ఎక్కనే లేదు, అప్పుడే ఇంత పొగరా? మొన్న రోడ్డు మీద ఎదురుపడితే, నెత్తిన తుండు కప్పుకుని కొబ్బరికాయల..."

ఆమె ఆగిపోలేదు. ఇంకా చాలా చెప్పింది. కానీ కీలెపాక్ వినడం ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి, తను పొద్దున దాక్కున్న కొబ్బరికాయల గుట్ట వైపు చూశాడు. చేతిలో ఉన్న తన టోపీ వైపు చూశాడు.

"బావా," అన్నాడు గేటు వైపు తిరిగి, "నౌరోజ్‌ని పిలు."

నౌరోజ్‌అలీ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, భుజం మీద తుండుతో. గేటు దాకా మామూలుగానే నడిచాడు. కీలెపాక్ పక్కన ఈసాలీ కనపడగానే తుండు తల మీదికి వచ్చేసింది. నీళ్ళ డ్రమ్ము చాటున, ముఖం పక్కకి తిప్పి, చతికిలబడ్డాడు.

"చూశావా? చూశావా పొగరు?" అంది ఈసాలీ.

కీలెపాక్ ఆ కూర్చున్న తీరు చూశాడు. ఆ వంపు, ఆ భుజం తిరిగిన కోణం ఆయనకి బాగా తెలుసు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన ఒళ్ళు కూడా అలాగే వంగుతోంది.

"నౌరోజ్, ఒక చిన్న ప్రశ్న. నీకు రోజూ చేపలు ఇచ్చేదెవరు?"

"అక్కడ... చేపలమ్మే ఆవిడ."

"ఆవిడ పేరు?"

డ్రమ్ము వెనక తుండు ముఖం మీదికి ఇంకాస్త దిగింది.

"ఆరేళ్ళు తిన్నావు. పేరు చెప్పు."

"గుర్తు లేదు సార్."

"గుర్తు లేదా!" ఈసాలీ కత్తితో సహా లేచింది. "నా పేరు గుర్తు లేదా నీకు? జ్వరమొస్తే పలవరించిన పేరు..."

"వదినా, కూర్చో."

"నేను కూర్చోను."

"వదినా, కూర్చో. నిలబడి వినే సంగతి కాదు ఇది."

ఆయన గొంతులో ఏదో విని ఈసాలీ కూర్చుంది. గుంపులో మా ఆడవాళ్ళు కొందరికి అప్పటికే వెలిగింది. వాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళకి ఇంకా అర్థం కాలేదు. గేటు లోపల పోమట్ మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు మెల్లగా వెనక్కి జరుగుతున్నాడు.

"బావా, నువ్వు అక్కడే ఉండు," అన్నాడు కీలెపాక్. "మేనకోడలి సంగతి మేనమామకి తెలియకుండా జరగదు."

పోమట్ ఉన్నచోటే నిలబడిపోయాడు. "నాకేం తెలీదు బావా. రెండు మాటలు... రెండే రెండు మాటలు తెలుసు."

ఇప్పుడు కీలెపాక్‌కి కళ్ళ ముందు అంతా తెలుస్తోంది. చివరి ఇంటర్వ్యూలో చివరి ప్రశ్న ఏమిటో నిన్న పదిమంది బయటికొచ్చి చెప్పుకుని నవ్వుకున్నారు. బజారంతా విన్నది. 'మీ కుటుంబ పరిస్థితిలో ఏమైనా మార్పు ఉందా?' మూడో దేశం తీసుకునేది ఒంటరి మగవాళ్ళనే. కాస్త దూరంలో హాల్వర్సన్, తల తిరగడం తగ్గి, కుర్చీలోంచి లేచి ఇటే వస్తోంది. ఈ కుర్రాడు ఇప్పుడు నోరు విప్పితే ఆరేళ్ళ రాయబారం ఈ బురదలోనే కలిసిపోతుంది.

"నౌరోజ్," అన్నాడు గొంతు తగ్గించి, మా మాటలో, "నోరు మూసుకో. ఆవిడకి మన భాష రాదు. చెయ్యి చాపి ఆ కాడ పీకెయ్యి. ఎవడు నాటాడో నాకు తెలీదు, నేను అడగను. లోపలికి వెళ్ళి కూర్చుని లేదని చెప్పు. మిగతాది మనం తర్వాత..."

"ఏమంటున్నారు?" హాల్వర్సన్ వచ్చేసింది. పెదవులింకా ఎర్రగానే ఉన్నాయి. "ఎవరో తెలిసిందా?"

"లేదు మేడమ్. విచారణ జరుగుతోంది."

నీళ్ళ డ్రమ్ము వెనక నుంచి నౌరోజ్‌అలీ లేచాడు. తల మీద తుండు తీయలేదు, ముఖం పక్కకి తిప్పే ఉంచాడు. ఆసుపత్రి వరండాలోంచి తెల్ల దుస్తుల్లో ఒక అమ్మాయి దిగి వచ్చి అతని పక్కన నిలబడింది. "ఓడిలియా! ఇంటికి పద!" అని అలవాటుగా అరవబోయిన ఈసాలీ, అరుపు మానేసి కత్తి పిడి బిగించి పట్టుకుంది.

నౌరోజ్‌అలీ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మధ్యలో ఎవరూ అనువదించే అవసరం లేకుండా, మూడో దేశానికి నేరుగా వినపడేలా.

"మేడమ్, నాటింది నేనే. వాన పడుతుంటే, పోమట్ మామ నిద్రపోయాక, ఈ చేత్తో. కాడ తెచ్చిచ్చింది ఆయనే కానీ ఆయన్ని ఏమీ అనొద్దు. చేప చుట్టి కాల్చుకోవడానికి ఆకులు కావాలని అబద్ధం చెప్పాను. నా సీటు చెడగొట్టుకోవాలని కాదు. నిన్న మా వాళ్ళు ఆఖరి ప్రశ్న చెప్పారు. రాత్రంతా జవాబు వెతికాను. మార్పు ఉందంటే నా సీటు పోతుంది. లేదంటే నా భార్య పోతుంది. ఆరేళ్ళుగా ఎంతోమంది అడిగారు, ఎక్కడ పుట్టావు, ఏ పడవెక్కావు, ఎందుకు పారిపోయావు అని. అన్నిటికీ నిజమే చెప్పాను. ఈ ఒక్కదానికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అందుకని గేటు మూశాను. మీరందరూ కలిసి ఆరేళ్ళు మూశారు. నేను ఒక్క పూట మూశాను."

"నాటినవాడు పక్కన నిలబడాలిరా," అన్నాడు కీలెపాక్ నీరసంగా.

"తెలుసు సార్. అది బయట నాటాక గుర్తొచ్చింది. దాని పక్కన నిలబడాలంటే నేను గేటు దాటి రావాలి. దాటాలంటే నేను నాటినదాన్ని నేనే దాటాలి."

గుంపులో ఎవరో పకాలున నవ్వి, వెంటనే ఆపేసుకున్నారు.

"ఇంతకీ ఎవరి మీద నాటావు?"

"మూడు దేశాల మీదా."

ఈసాలీ లేచింది. ఎవరివైపూ చూడకుండా, చాలా మెల్లగా అడిగింది. "ఎవరమ్మాయిరా?"

నౌరోజ్‌అలీ ఇంకాస్త పక్కకి తిరిగాడు. ఇప్పుడు అతని వీపు మాత్రమే కనపడుతోంది. ఆ వీపే మాట్లాడుతున్నట్టుంది.

"సార్, ఆవిడతో నేను ఎదురుగా మాట్లాడకూడదు. పేరూ పలకకూడదు. మీరే చెప్పండి. పెళ్ళయినప్పట్నుంచీ ఆ మర్యాద ఒక్కరోజు కూడా తప్పలేదని చెప్పండి. అది పొగరు కాదని చెప్పండి. ఆ కత్తి కాస్త కింద పెట్టమనీ చెప్పండి." ఊపిరి తీసుకున్నాడు. పక్కన ఓడిలియా అతని తుండు అంచు పట్టుకుంది. "ఇంకొక్కటి, ఇది అందరికీ. ఓడిలియాకి నాలుగో నెల. నేను పుట్టింది ఒక దేశం, నన్ను పట్టుకుంది ఒక దేశం, తీసుకుంటానంది ఒక దేశం. పుట్టబోయే బిడ్డది ఎన్నో దేశమో మీలో ఎవరైనా చెప్పండి, ఇప్పుడే పీకేస్తాను."